మొదటి లాంగ్‌బో: ఎంపిక, వాడకం, జాగ్రత్తలు – తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల వైపు కొత్తగా విల్లు పట్టాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. విల్లు పొడవు, బరువు (అంటే నారి లాగడానికి పట్టే బలం, పౌండ్లలో చెబుతారు), బాణం పొడవు, నారి అన్నీ ఒకే కొలత మీద ఆధారపడతాయి. అందుకే కొనే తొందరలో ఉన్నవాళ్లు కూడా రెండో ప్రశ్న చదివి, టేపు పట్టుకుని కొలుచుకున్నాకే ముందుకు పోవాలి.

లాంగ్‌బో అంటే ఏంది? టీవీల చూసే విల్లు అదేనా?

కాదు. ఒలింపిక్స్‌లో బొమ్మదేవర ధీరజ్ వాడింది రికర్వ్, అంటే కొనలు ముందుకు వంపు తిరిగిన విల్లు. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత పోటీల్లో వాడేది కాంపౌండ్. దానికి చివర్లలో చక్రాలుంటాయి. లాంగ్‌బోకు చక్రాలు లేవు, గురి చూసే సైటు లేదు, ముందుకు పొడుచుకొచ్చే కడ్డీలు లేవు. దాదాపు మనిషంత పొడవు. నారి దించితే ఇంచుమించు నిటారు కర్రలా ఉంటుంది. నారి ఎక్కించాక అది విల్లును రెండు కొనల దగ్గర తప్ప ఎక్కడా తాకదు. మన దేశంలో ఇండియన్ రౌండ్ పేరుతో జరిగే పోటీల్లో వాడే వెదురు విల్లు దీనికి దగ్గరి చుట్టం.

లాంగ్‌బోలో రెండు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఇంగ్లిష్ లాంగ్‌బో సన్నగా, మందంగా ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే ఒకవైపు చదును, ఇంకోవైపు గుండ్రం. బాణం పిడికిలి మీదే ఆనుతుంది. అమెరికన్ రకం వెడల్పుగా, పలుచగా ఉంటుంది. చెక్క పొరలకు రెండువైపులా ఫైబర్‌గ్లాస్ అతికిస్తారు. పట్టు పైన బాణం ఆనించడానికి చిన్న గూడు కోస్తారు.

మొదటి విల్లుగా రెండోదే తీసుకోండి. అందం సంగతి పక్కన పెడితే, కొత్తవాళ్ల తప్పులను ఫైబర్‌గ్లాస్ ఓర్చుకున్నట్టు ఉత్త కట్టె ఓర్చుకోదు. పైగా గూడు ఉన్న విల్లుతో బాణం ఈకలు చేతిని కోయవు.

కొనేముందు ఏం కొలుచుకోవాలె?

మీ లాగుడు పొడవు, అంటే డ్రా లెంగ్త్. గోడకు వీపు ఆనించి నిలబడి రెండు చేతులూ భుజాల ఎత్తున బార్లా చాపండి. ఒక నడివేలి కొన నుంచి ఇంకో నడివేలి కొన దాకా ఇంకొకరితో కొలిపించి, ఆ కొలతను రెండున్నరతో భాగించండి. బార 165 సెంటీమీటర్లు ఉంటే 66 వస్తుంది, అంటే 26 అంగుళాలు. 180 ఉంటే 72, అంటే 28 అంగుళాల పైచిలుకు.

ఇది అంచనా మాత్రమే. లాంగ్‌బో పట్టేటప్పుడు మోచేయి కొంచెం సడలుతుంది కాబట్టి అసలు కొలత అర అంగుళం తగ్గవచ్చు. సరిగ్గా తెలియాలంటే 10–15 పౌండ్ల తేలిక విల్లుకు, పొడవాటి బాణానికి అంగుళాల గీతలు పెట్టి లాగి చూడాలి. లాగేవాళ్లు గీతను చూడొద్దు. చూస్తే మెడ వంగి కొలత తప్పిపోతుంది. పక్కనున్నవాళ్లు చూడాలి.

ఎన్ని పౌండ్ల విల్లు తీసుకోవాలె? జిమ్‌కు పోతా, 50 లాగలేనా?

లాగగలరు, నాలుగైదు బాణాల దాకా. ఆ తర్వాత భుజం పైకి లేస్తుంది, మెడ ముందుకు వంగుతుంది, నారి సగంలోనే జారిపోతుంది. విల్లు లాగడానికి పనిచేసే కండరాలు రెండు రెక్కల మధ్య, వీపులో ఉంటాయి. బస్తాలు మోసినవాళ్లకు, డంబెల్స్ ఎత్తినవాళ్లకు కూడా అవి కొత్తే. బరువైన విల్లుతో నేర్చుకున్న వంకర అలవాటు తర్వాత విల్లు మార్చినా పోదు.

మామూలు పెద్ద మగవాళ్లకు 25–30 పౌండ్లు, ఆడవాళ్లకు 18–25, పదమూడు పదిహేనేళ్ల పిల్లలకు 15–20. వీటి మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే తక్కువదే తీసుకోండి. తేలిక విల్లు కొని బాధపడ్డవాళ్లు అరుదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. విల్లు మీద రాసే బరువు సాధారణంగా 28 అంగుళాలు లాగినప్పటిది. మీ లాగుడు 26 అయితే అంగుళానికి రెండు, రెండున్నర పౌండ్ల చొప్పున తగ్గి, 30 అని రాసిన విల్లు మీ చేతిలో 25–26 పౌండ్లే అవుతుంది. పొడుగు చేతులవాళ్లకు అదే లెక్కన పెరుగుతుంది.

దుకాణంలో ఫైబర్‌గ్లాస్ విల్లు పరీక్షించాలంటే కుర్చీలో కూర్చుని, పాదాలు నేల మీంచి లేపి, నారిని నోటి మూల దాకా లాగి పది సెకన్లు ఆపండి. మెల్లగా తిరిగి దించండి, వదలొద్దు. మూడోసారికి ముంజేయి వణికితే ఆ విల్లు మీకు బరువే. ఉత్త కట్టె విల్లును మాత్రం ఇలా పట్టి ఉంచకూడదు. మూడు నాలుగు సెకన్లు దాటితే కట్టె నలిగి వంపు మిగిలిపోతుంది.

పాతకాలం విలుకాళ్లు వందల పౌండ్లు లాగేవారు కదా అని అడిగేవాళ్లుంటారు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లిష్ ఓడ మేరీ రోజ్‌లో 137 నిండు విల్లులు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం వంద పౌండ్లు దాటినవేనని అంచనా. అవి లాగినవాళ్లు చిన్నతనం నుంచి ఏళ్ల తరబడి అదే సాధన చేశారు. వాళ్ల ఎముకల్లోనే తేడాలు కనిపించాయి.

విల్లు ఎంత పొడుగుండాలె?

లాగుడు 27 అంగుళాల లోపైతే 66 అంగుళాల విల్లు, 28–29 అయితే 68, 30 ఆపైన 70. పొట్టి విల్లును ఎక్కువ లాగితే చివరి రెండంగుళాల్లో బరువు ఒక్కసారిగా పెరుగుతుంది, నారి వేళ్లను నొక్కేస్తుంది. కొలత ఎటూ కాకుండా ఉంటే పొడుగుదే మేలు.

కుడిచేతి విల్లా, ఎడమచేతి విల్లా?

చెయ్యి కాదు, కన్ను చూడాలి. రెండు అరచేతులూ ముందుకు చాపి, బొటనవేళ్ల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లతో ఆ సందులోంచి దూరంగా ఉన్న ఒక వస్తువును చూడండి. ఒక కన్ను మూయండి. వస్తువు కనిపిస్తూనే ఉంటే తెరిచి ఉన్నదే మీ ముఖ్యమైన కన్ను. అది కుడిదైతే కుడిచేత్తో నారి లాగుతారు, ఎడమచేత్తో విల్లు పడతారు. దాన్నే కుడిచేతి విల్లు అంటారు. ‘విల్లు ఏ చేత్తో పడితే ఆ చేతి విల్లు’ అనుకుని తప్పుది తెప్పించుకోవడం మామూలే. ఆర్డరు పెట్టేటప్పుడు ‘నారి కుడిచేత్తో లాగుతా’ అని విడమరిచి చెప్పండి.

మా దగ్గర మంచి వెదురు దొరుకుతది. సొంతంగ చేసుకోవచ్చా? టేకుతో? పీవీసీ పైపుతో?

వెదురుతో చేయొచ్చు. ఆదిలాబాద్, ములుగు అడవుల చుట్టుపక్కల గోండులకు, కోయలకు అది తరాల విద్య. కానీ మొదటి విల్లును సొంతంగా చేసి దానితోనే నేర్చుకోవడమంటే రెండు విద్యలు ఒకేసారి మొదలుపెట్టడం. బాణం పక్కకు పోతే తప్పు చేతిదో కట్టెదో తెలియదు. ఆరు నెలలు కొన్న విల్లుతో వేసి, ఆ తర్వాత చెక్కండి.

టేకు పలక జోలికి పోవద్దు. సామిల్లులో కోసిన పలకలో కట్టె నార ఒక కొన నుంచి ఇంకో కొన దాకా తెగకుండా సాగడం అరుదు. లక్ష్యం వైపు ఉండే ముఖం మీద నార ఎక్కడ తెగి పక్కకు పోతుందో సరిగ్గా అక్కడే పుటుక్కుమంటుంది. విరిగిన కొన మొహం మీదికే వస్తుంది. పీవీసీ ఎండకు పెళుసెక్కుతుంది. మన ఎండల్లో రెండు వేసవులు మేడ మీద పడి ఉన్న పైపు ముక్క చేత్తో విరిచి చూస్తే మీకే తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ విల్లు చూస్తున్న. ఏమేం చూడాలె?

ముందు నారి లేకుండా చూడండి. దూది ఉండ తీసుకుని రెండు లింబుల (పట్టుకు పైనా కిందా వంగే భాగాల) పొడవునా మెల్లగా రుద్దండి. ఎక్కడ దూది పోగు చిక్కుకుంటే అక్కడ పీచు లేచినట్టు. ఫైబర్‌గ్లాస్ విల్లులో అంచుల వెంబడి పొరల గీతను వేలిగోటితో గీరి చూడండి, గోరు దిగితే పొర విడిపోతోందని అర్థం. కట్టె విల్లులో మీవైపు ముఖం మీద అడ్డంగా సన్నని ముడత గీతలుంటే అది లోపల నలిగిపోయిన విల్లు. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

తర్వాత నారి ఎక్కించి, ఒక కొన నుంచి గురి చూసినట్టు చూడండి. నారి రెండు లింబుల మధ్యగా పోవాలి. ఒక పక్కకు పోతే లింబు మెలి తిరిగింది. చివరగా సగం దాకా లాగి వినండి. టిక్ టిక్‌మన్నా, కిర్రుమన్నా దించేసి తిరిగిచ్చేయండి.

నారి దించాక కట్టె విల్లు మీవైపు అంగుళం, అంగుళంన్నర వంగి ఉండటం మామూలే. రెండంగుళాలు మించితే దాని బలం చాలా వరకు అయిపోయింది.

బాణాలు ఎట్లాంటివి, ఎన్ని?

ఆరు. మూడైతే నడకే ఎక్కువ, పన్నెండైతే అలసిపోయేదాకా ఆపరు.

పొడవు మీ లాగుడు కంటే కనీసం ఒక అంగుళం ఎక్కువుండాలి. నేర్చుకునే దశలో రెండంగుళాలు పెట్టుకోండి, ఎందుకంటే నెల తిరిగేసరికి వీపు తెరుచుకుని లాగుడు పెరుగుతుంది. పొట్టి బాణాన్ని పూర్తిగా లాగితే మొన విల్లు దాటి వెనక్కి వస్తుంది. వదిలినప్పుడు అది పట్టు చేతిలో దిగుతుంది. ఇద్దరు దోస్తులు ఒకే బాణాల కట్ట పంచుకున్నప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ, పొట్టివాడి బాణం పొడుగువాడి చేతికొస్తుంది. ఎవరి బాణాలకు వాళ్లు వేరే రంగు దారం చుట్టుకోండి.

బరువు: విల్లు పౌండుకు 8 గ్రెయిన్లకు తగ్గకూడదు, 10 ఉంటే విల్లుకు హాయి. 30 పౌండ్ల విల్లుకు 300 గ్రెయిన్లు, అంటే దాదాపు రెండు తులాలు. బంగారం తూచే చిన్న త్రాసు ఉంటే ఆరింటినీ తూచి చూడండి. వాటి మధ్య గ్రాముకు మించి తేడా ఉంటే బాణాలు ఎత్తూ పల్లమూ పడతాయి, మీరు చేతిని తిట్టుకుంటారు.

గట్టిదనం, అంటే స్పైన్: వదిలిన క్షణంలో బాణం పాములా వంగి, విల్లును చుట్టి పక్కనుంచి పోతుంది. మరీ గట్టిదైతే వంగదు, మరీ మెత్తదైతే అతిగా వంగుతుంది. చెక్క బాణాలకు స్పైన్‌ను పౌండ్లలోనే చెబుతారు. లాంగ్‌బోకు మీ చేతిలో ఉన్న అసలు బరువంత, లేదా ఐదు పౌండ్లు తక్కువ తీసుకోండి. బాణం 28 అంగుళాలు దాటిన ప్రతి అంగుళానికి ఐదు పౌండ్లు కలపండి. లావు 5/16 అంగుళం సరిపోతుంది.

ఈకలు నిజమైన పక్షి ఈకలే కావాలి. ప్లాస్టిక్ రెక్కలు విల్లును తాకి బాణాన్ని ఎగరగొడతాయి. ఈక అణిగి దాటిపోతుంది. మూడు ఈకలూ ఒకే వైపు రెక్కవై ఉండాలి. రంగు వేరుగా ఉన్న ఈక విల్లుకు దూరంగా, బయటివైపు ఉండేలా ఎక్కుపెట్టాలి.

నాక్, అంటే బాణం తోక చివర నారి పట్టే గాడి, నారి మీద టిక్కుమని కూర్చోవాలి. బాణాన్ని నారికి వేలాడదీసి, నారి మీద వేలితో చిన్నగా కొడితే రాలిపోవాలి. కొట్టినా రాకపోతే బిగువు ఎక్కువ. కొట్టకముందే రాలితే వదులు, అది మరీ ప్రమాదం, లాగుతుండగా జారిపోతే బాణం లేకుండా నారి వదిలినట్టే.

విల్లు, బాణాలు కాక ఇంకేం కావాలె?

ముంజేతికి ఆర్మ్‌గార్డ్, మూడు వేళ్లకు తోలు ట్యాబ్ లేదా తొడుగు, నారి ఎక్కించే స్ట్రింగర్ తాడు, తేనెమైనం ముద్ద, ఒక విడి నారి. డబ్బంతా విల్లుకే పెట్టి వీటిని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. ట్యాబ్ లేకుండా రెండు రోజులు వేస్తే వేలి కొనలు తిమ్మిరెక్కుతాయి. ఆ నొప్పికి భయపడి నారిని సగంలోనే వదిలే అలవాటు పడుతుంది. నారి డాక్రాన్‌దే అడగండి. అది కొంచెం సాగి దెబ్బను మింగుతుంది. సాగని కొత్తరకం దారాలు పాత విల్లుల, కట్టె విల్లుల కొనలను చీల్చగలవు. 25–30 పౌండ్లకు 10–12 పోగులు చాలు.

నారి ఎట్ల ఎక్కించాలె? కాలు పెట్టి వంచుతే చాలదా?

విల్లుకు, నారికి మధ్య కాలు దూర్చి వంచే పద్ధతిలో లింబు మెలి తిరుగుతుంది, జారితే కొన కంటికి తగులుతుంది. స్ట్రింగర్ వాడండి.

1. నారి పెద్ద ఉచ్చును పై లింబు మీదికి జార్చి ఉంచండి. చిన్న ఉచ్చును కింది కొన గాడిలో పెట్టండి.
2. స్ట్రింగర్ తోలు సంచిని కింది కొనకు తొడగండి. రెండో చివర రబ్బరు ముక్క ఉంటే దాన్ని పై లింబు మీద, నారి ఉచ్చుకు కొంచెం లోపలగా ఆనించండి.
3. విల్లును నేలకు సమాంతరంగా, నారి కిందికి వేలాడేలా పట్టుకోండి. స్ట్రింగర్ తాడు మీద రెండు పాదాలూ భుజాల వెడల్పున పెట్టండి.
4. నడుం వంచకుండా, పట్టు దగ్గర పట్టుకుని విల్లును నిటారుగా పైకి లేపండి. లింబులు వంగాక రెండో చేత్తో పై ఉచ్చును గాడిలోకి తోయండి.
5. మెల్లగా దించేముందు రెండు ఉచ్చులూ గాడిలో పూర్తిగా కూర్చున్నాయా అని చూడండి. తడుముకుంటే సరిపోదు, కళ్లతో చూడాలి. దించేటప్పుడు మొహం విల్లుకు ఎదురుగా ఉండకూడదు.

విల్లు తలకిందులుగా ఎక్కించడం కూడా జరుగుతుంది. అమెరికన్ రకానికి బాణం గూడు పట్టుకు పైన ఉండాలి. గూడు లేని ఇంగ్లిష్ రకానికి పై లింబును ముందే చిన్న రంగు చుక్కతో గుర్తుపెట్టుకోండి.

నారికి, పట్టుకు మధ్య ఎంత దూరం ఉండాలె?

దీన్ని బ్రేస్ హైట్ అంటారు. తయారీదారు రాసిస్తే అదే పాటించండి. రాయకపోతే ఇంగ్లిష్ రకానికి 6–6.5 అంగుళాలు, అమెరికన్ రకానికి 7–7.5. టేపు లేకపోతే పిడికిలి పట్టు మీద పెట్టి బొటనవేలు నిలబెట్టండి, వేలి కొన నారిని తాకాలి. తక్కువైతే నారి ముంజేతిని కొడుతుంది, విల్లు చప్పుడు చేస్తుంది. ఎక్కువైతే వేగం పోతుంది, లింబులకు ఊరకే భారం.

పెంచడానికి నారిని దించి, పేనిన దిక్కులోనే నాలుగైదు మెలికలు వేయండి. వ్యతిరేక దిక్కులో తిప్పితే పోగులు విడిపోతాయి. కొత్త డాక్రాన్ నారి మొదటి రోజే సాగుతుంది, పాతిక ముప్పై బాణాల తర్వాత మళ్లీ కొలవాలి.

నాక్ కూర్చునే చోటు కోసం, బాణం గూడు నుంచి నారికి లంబంగా వచ్చే గీత కంటే అర అంగుళం పైన నారి మీద గట్టి దారంతో చుట్టి ముడి వేయండి.

బాణం లేకుండ నారి లాగి వదిలితే ఏమైతది?

విల్లు పోతుంది. ఒక్కోసారి మొదటిసారికే. లింబుల్లో దాచిన శక్తి అంతా బాణం మోసుకుపోవాలి. బాణం లేకపోతే అది తిరిగి లింబుల్లోకే, నారిలోకే కొడుతుంది. కట్టె చీలుతుంది, అతుకు విడుతుంది, నారి తెగుతుంది. మరీ తేలిక బాణం వేసినా కొంతవరకు ఇదే.

మన దగ్గర ఇది ఎక్కువగా జరిగే సందర్భం దసరా. ఆయుధ పూజకు నారి ఎక్కించి విల్లును దేవుని ముందు పెడతారు. ఇంటికొచ్చిన ప్రతి బావమరిదీ ఒకసారి లాగి ‘టింగ్’మనిపిస్తాడు. పూజకు నారి దించే పెట్టండి. తడి పసుపు, కుంకుమ లింబుల మీద కాకుండా పట్టు మీద ఒక బొట్టు పెడితే చాలు.

జరిగిపోతే: నారి దించి, దూది పరీక్ష చేసి, ఉచ్చుల దగ్గర పోగులు చూసి, మళ్లీ ఎక్కించి, చుట్టూ ఎవరూ లేకుండా పది సార్లు సగం దాకా లాగి దించుతూ వినండి. చప్పుడు లేకపోతేనే బాణం పెట్టండి.

యాడ వేయాలె? ఊరి బయట చెరువు కట్ట ఉంది, అడ్డంగ ఉంటది కదా?

చెరువు కట్ట వద్దు. కట్ట అవతల ఎవరున్నారో మీకు కనబడదు. బర్లు తోలుకొచ్చేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, బండ్ల మీద పోయేవాళ్లు కట్ట మీదికి ఎప్పుడైనా వస్తారు. 30 పౌండ్ల విల్లును పైకి ఎత్తి వదిలితే బాణం 150 మీటర్ల దాకా పోవచ్చు. కరీంనగర్ వైపు పాత గ్రానైట్ క్వారీ గుంతలు కూడా పనికిరావు; రాతి గోడకు తగిలిన బాణం ఎటు తిరిగొస్తుందో చెప్పలేం, పగిలిన ముక్కలు అంతకన్నా దూరం ఎగురుతాయి.

కావలసింది వెనకాల మొత్తం కనిపించే జాగా. పంట కోసిన పొలం బాగుంటుంది. లక్ష్యం వెనక రెండు మీటర్ల ఎత్తు మట్టి కుప్ప, రాళ్లు ఏరేసినది, అడ్డుగా ఉండాలి. దాని వెనక కూడా నడక దారి ఉండకూడదు. మేడ మీద, గల్లీలో, ఇంటి వెనక సందులో వద్దే వద్దు. పిట్టగోడ మీంచి ఒక్క బాణం దాటితే చాలు.

టార్గెట్ ఇంట్ల చేసుకోవచ్చా?

రెండు పద్ధతులు బాగా పనిచేస్తాయి. యంత్రంతో కట్టిన వరిగడ్డి కట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చి, తాళ్లతో బిగించి కట్టండి. వదులు గడ్డిలోంచి బాణం దూసుకుపోతుంది. లేదంటే గోనె సంచిలో పాత బట్టలు కూరండి. జిప్పులు, గుండీలు, హుక్కులు ముందే కోసేయాలి, మొన వాటికి తగిలితే వంగుతుంది. సంచిని కాళ్లతో తొక్కి తొక్కి నింపాలి. బొటనవేలితో గుచ్చితే దిగకూడదు. 30 పౌండ్లకు అర మీటరు మందం సరిపోతుంది. వానకు తడిస్తే లోపల కుళ్లి మధ్య మెత్తబడుతుంది, కాబట్టి నెలకోసారి చేత్తో నొక్కి చూడండి. చెట్టు మొద్దు టార్గెట్ కాదు, బాణాల స్మశానం.

మొదటి నెల ఏం చేయాలె?

ఐదు మీటర్ల దూరంలో, బొమ్మ లేని ఉత్త సంచి మీద వేయండి. బొమ్మ పెడితే మనసు మధ్య చుక్క మీదికి పోతుంది, చేతులు ఏం చేస్తున్నాయో తెలియదు. పాదాలు భుజాల వెడల్పు, ఎడమ భుజం లక్ష్యం వైపు. చూపుడువేలు నాక్ పైన, మిగతా రెండు కింద, నారి మొదటి కణుపు మడతలో. మోచేత్తో లాగుతున్నట్టు లాగి చూపుడువేలు నోటి మూలకు తాకించండి. ప్రతిసారీ అదే చోటు. వేళ్లు సడలితే చాలు, తెరవాల్సిన పని లేదు. బాణం తగిలే దాకా విల్లు చేయి దించొద్దు.

రోజుకు 30 నుంచి 60 బాణాలు, రోజు విడిచి రోజు. రెండు వారాలకు పది మీటర్లు. ఆరింటిలో ఐదు పళ్లెం అంత వెడల్పులో పడుతుంటే 18 మీటర్లకు వెళ్లండి. అలిసిన తర్వాత వేసే బాణాలన్నీ తప్పుడు అలవాట్లే నేర్పుతాయి.

బాణం ఎప్పుడూ ఎడమకే పోతుంది. గూడు మీంచి పడిపోతుంది. చేతికి నారి తగులుతుంది. ఏం చేయాలి?

నారి తగలడం: ముందు బ్రేస్ హైట్ కొలవండి. అది సరిగ్గా ఉంటే తప్పు మోచేతిది. విల్లు పట్టిన చేతిని గోడకు ఆనించి, భుజం కదలకుండా మోచేతి మడతను నిటారుగా తిప్పడం సాధన చేయండి.

బాణం పడిపోవడం: వేళ్లతో నాక్‌ను చిటికెడు పట్టినట్టు నొక్కుతున్నారు. నాక్‌కు, చూపుడువేలికి మధ్య సన్నని సందు ఉంచండి. చూపుడువేలితో బాణాన్ని పట్టి ఉంచే ఉపాయం మాత్రం వద్దు, మొన దగ్గర వేలు ఉండకూడదు.

ఎడమకు పోవడం: కుడిచేతివాళ్లకు ఎప్పుడూ ఎడమకే పడితే బాణం గట్టిది, ఎప్పుడూ కుడికే పడితే మెత్తది. కానీ ఈ మాట నెల సాధన తర్వాతే నమ్మాలి. కొత్తలో వదిలేటప్పుడు చేయి బయటికి ఊగడం వల్ల కూడా ఎడమకే పోతాయి.

నలుగురం కలిసి వేస్తాం. నియమాలేమన్న ఉన్నయా?

అందరూ ఒకే గీత మీద నిలబడాలి. ఒకరు ముందు, ఒకరు వెనక ఉండొద్దు. పోటీల్లో వాడే ఈల పద్ధతే పెట్టుకోండి: రెండు ఈలలు గీత మీదికి రమ్మని, ఒకటి వేయమని, మూడు బాణాలు తెచ్చుకోమని, వరుసగా ఐదు లేదా ఎక్కువ వెంటనే ఆపమని. ఐదు వినగానే లాగి ఉన్న నారిని మెల్లగా దించాలి, ‘ఈ ఒక్కటి’ అనొద్దు. కుక్క అడ్డమొచ్చినా అంతే. చివరి మనిషి గీత దాటి వెనక్కి వచ్చేదాకా ఎవరి నారి మీదా బాణం ఉండకూడదు.

బాణం పీకేటప్పుడు వెనక ఎవరూ నిలబడొద్దు. నాక్ నేరుగా కంటి ఎత్తున వస్తుంది. ఒక అరచేయి టార్గెట్ మీద ఆనించి, ఇంకో చేత్తో బాణాన్ని టార్గెట్‌కు ఆనుకుని ఉన్న చోట పట్టి నిటారుగా లాగండి. పీకిన ప్రతి బాణాన్నీ మొహానికి దూరంగా పట్టి కొంచెం వంచుతూ తిప్పి చూడండి. పిటుక్కుమన్నా, గీత కనిపించినా రెండు ముక్కలు చేసి పారేయండి. పగుళ్ల బాణం వదిలిన క్షణంలో విరిగి పట్టు చేతిలో దిగుతుంది.

చున్నీ, గొలుసు, వదులు చేతులు, చొక్కా జేబులో ఫోను, పెన్ను అన్నీ నారికి తగులుతాయి. జుట్టు ముడి వేయాలి.

ఎండాకాలం, వానాకాలం విల్లును ఎట్ల కాపాడుకోవాలె?

రామగుండం వైపు మేలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూసిన కారులో వేడి దానికి ఎంతో ఎక్కువ. పొరలు అతికించిన జిగురు ఆ వేడికి మెత్తబడి, నారి ఎక్కించి ఉన్న విల్లు మెలి తిరిగిపోతుంది. కారు డిక్కీలో గంట కూడా వదలొద్దు. వేసవిలో పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత వేయండి. కట్టె విల్లైతే మొదటి ఐదారు సార్లు సగం, ముప్పావు దాకా లాగి దించి వేడెక్కించాకే పూర్తిగా లాగండి.

వానాకాలంలో కట్టె తేమ పీల్చి మెత్తబడుతుంది. తడిస్తే గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. పొయ్యి దగ్గర, కూలర్ ముందు కాదు. ఏటా రెండుసార్లు అవిసె నూనె పలుచగా రాయండి. ఫైబర్‌గ్లాస్‌కు ఏ నూనే అక్కర్లేదు.

వేయడం అయిపోగానే నారి దించండి. మూలకు నిలబెట్టొద్దు, కింది లింబు వంగుతుంది. గోడకు రెండు మేకులు కొట్టి అడ్డంగా పెట్టండి. ఆ గోడ పడమటి ఎండ తగిలేది, వంటింటిది కాకూడదు. నారికి వారానికోసారి మైనం రుద్దండి, ఒక్క పోగు తెగినా మార్చేయండి.

దెబ్బ తగిలితే?

నారి కొట్టిన చోట చల్లటి నీళ్ల గుడ్డ చాలు, ఆ రోజుకు ఆపేయండి. బాణం ముక్క లేదా లోతైన పుల్ల దిగితే పీకొద్దు. పీకితే రక్తం ఆగదు, పీచు లోపల మిగులుతుంది. కదలకుండా చుట్టూ గుడ్డతో ఒత్తుగా కట్టి 108కు ఫోన్ చేయండి. సాధన స్థలానికి వెళ్లేటప్పుడు ఒక కట్టు గుడ్డ, నీళ్లు, చార్జింగ్ ఉన్న ఫోను ఎప్పుడూ ఉండాలి.

అడవిల కుందేలు, అడవి పంది మీద వేయొచ్చా? ఏటూరునాగారం పోయినప్పుడు విల్లు తీసుకపోతే?

వేయకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది వేట, నేరం. అదే చట్టం ‘ఆయుధం’ అన్న మాటలో విల్లు బాణాలను పేరుపెట్టి చేర్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగుపెట్టడమే 31వ సెక్షన్ కింద నిషేధం. ఏటూరునాగారం, పాఖాల, కవ్వాల్, ప్రాణహిత అన్నీ దీని కిందికి వస్తాయి. మీరు వేయలేదు, డిక్కీలో ఊరకే ఉంది అన్నా చెక్‌పోస్టు దగ్గర ఆ మాట నిలవదు. మేడారం వైపో, లక్నవరం వైపో సరదాగా బయల్దేరుతుంటే ఆ రోజుకు విల్లును ఇంట్లో మేకుల మీదే ఉండనివ్వండి.